సగం చూపించిన ముల్లు

"బండి ఆగేముందు డీజిలు ముల్లు సగం చూపించింది" అని అసెసెలా నలుగురిలో అనేశాడు. అన్నాక ఆ మాటను వెనక్కి తీసుకునే దారి లేకపోయింది. అబద్ధమాడాలని అన్నది కాదు పాపం. అందరూ తన ముఖంకేసి చూస్తుంటే నోట్లోంచి జారిపోయింది. బుధవారం సాయంత్రం జారిన మాట శనివారానికల్లా అతని మెడకు చుట్టుకుంది.

అసెసెలా పందొమ్మిదేళ్ళుగా ఆ ఊరి లారీ నడుపుతున్నాడు. లారీ అతనిది కాదు, ఊరిది. కొబ్బరి కురిడీలు, నూరి తాగే యంగోనా వేళ్ళ మూటలు, పెళ్ళిళ్ళకు చాపలు, చావులకు చుట్టాలు, అన్నీ అందులోనే. వారమంతా ఏం మోసినా, సోమవారం తెల్లవారితే మాత్రం వెనక బల్లలు వేసి పిల్లల్ని ఎక్కిస్తారు. కొండ అవతల హాస్టలు బడిలో దింపితే మళ్ళీ శుక్రవారం తెచ్చుకోవడమే. ఆ హాస్టల్లో వంట చేసేది అసెసెలా సొంత చెల్లెలు ఉనైసి. ఆమె కూడా దారిలో అదే లారీ ఎక్కి ముందు సీట్లో కూర్చుంటుంది. ఆ దీవుల ఆచారం ప్రకారం అన్నాచెల్లెళ్ళు ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోకూడదు కాబట్టి ఇద్దరి మధ్యా ఒక పిల్లను కూర్చోబెడతారు. ఈ ఏడాది ఆ చోటు ఊరిపెద్ద మైకా మనవరాలు లైసానీది. ఆరేళ్ళది, జనవరిలోనే బళ్ళో చేరింది.

మొన్న సోమవారం కొండ సగం ఎక్కాక, మూడో మలుపులో ఇంజిను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. పాత లారీ. ఇంజిను ఆగితే బ్రేకుకు ఉన్న బలంలో సగం అక్కడే పోతుంది. అసెసెలా రెండు కాళ్ళతో బ్రేకు మీద నిలబడ్డాడు, చేతి బ్రేకు గుంజాడు, అయినా బండి వెనక్కి దొర్లింది. పదిహేనడుగులు దొర్లి, వెనక చక్రం కాలవలో పడి ఆగింది. కాలవ కొండవైపుది. లోయవైపు కాలవ లేదు, ఏమీ లేదు. వెనకున్న పదకొండుమంది పిల్లలు మొదట ఉయ్యాల ఊగినట్టు కేరింతలు కొట్టారు. తర్వాత ఒకడు లోయలోకి తొంగి చూశాడు, దాంతో అందరూ నోళ్ళు మూసుకున్నారు. ఉనైసి వాళ్ళను ఒక్కొక్కళ్ళనే దింపి గట్టు మీద వరసగా కూర్చోబెట్టింది. ఒక గంటకు కలప లారీ ఒకటి వచ్చి డీజిలు పోసింది. గొట్టాల్లో చేరిన గాలి తీసి బండి కదిలించేసరికి బళ్ళో మొదటి గంట కాదు, మధ్యాహ్నం గంట కొట్టేశారు.

బుధవారం ఊరు కూడింది. టాంకు ఎందుకు ఎండిందో ముందు తేలింది. మైకా కొడుకులు ఆదివారం ఒక చావింట్లో దీపాల ఇంజినుకోసమని గొట్టం పెట్టి మూడు డబ్బాలు లాగారు. దాన్ని ఆ ఊళ్ళో ఎవరూ దొంగతనం అనరు. లారీ ఊరిది, డీజిలు ఊరిది, చావు ఊరిది. అడిగితే లేదనడం ఎలా తప్పో, అడగకుండా తీసుకుంటే తిట్టడమూ అలాగే తప్పు. కాకపోతే డ్రైవరుతో ఒక ముక్క చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు. కుర్రాళ్ళు తలలు వంచుకు కూర్చున్నారు, మైకా కూడా వంచుకున్నాడు. అప్పుడు వెనక నుంచి ఒక తల్లి అడిగింది, మూడు డబ్బాలు పోతే ముల్లు కిందికి దిగదా, ఎక్కేముందు డ్రైవరు చూసుకోడా అని.

అదిగో, అప్పుడన్నాడు ఆ మాట. ముల్లు సగం చూపించిందని.

అనగానే కూర్చున్నవాళ్ళంతా ఊపిరి వదిలారు. తప్పు కుర్రాళ్ళదీ కాదు, డ్రైవరుదీ కాదు, డీజిలు కొలిచే ముసలి గేజీది. అంతకన్నా హాయైన సంగతి ఏముంటుంది? తల్లులు మాత్రం ఒక షరతు పెట్టారు. సోమవారం లోపల గేజీ బాగుచేయించకపోతే పిల్లల్ని ఎక్కించం. సరేనన్నాడు మైకా. శనివారం అసెసెలా లారీని బళ్ళు బాగుచేసే ఎపరామా షెడ్డుకు తీసుకుపోవాలి, సాయంత్రం బస్సులో తానూ వచ్చి కళ్ళారా చూసి ఊరికి కబురు చెబుతాడు.

నిజానికి ఆ సోమవారం ముల్లు ఎక్కడుందో అసెసెలాకు తెలియదు. అది అతనికి చాలా రోజులుగా కనబడటం లేదు. మొదట్లో అద్దం మసకబారిందనుకున్నాడు. పళ్ళపొడితో రుద్దాడు, పళ్ళముద్దతో రుద్దాడు, చివరికి అద్దం మీద గీతలు పడ్డాయిగాని ముల్లు తేటపడలేదు. తర్వాత వెనకున్న బల్బు మీద అనుమానపడి దాన్ని మార్చాడు. ఆ తర్వాత ఇక దేన్నీ అనుమానించడానికి మిగలకపోతే, చూడటమే మానేశాడు. ఎన్ని డబ్బాలు పోశాం, ఎన్నిసార్లు కొండ ఎక్కాం అని వేళ్ళ మీద లెక్క వేసుకోవడం మొదలుపెట్టాడు. ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదు, ఎవరో గొట్టం పెట్టి లాగేదాకా.

చక్కెర జబ్బు అతనికి తొమ్మిదేళ్ళనుంచి ఉంది. లంబాసా పెద్దాసుపత్రికి పోయి కళ్ళు చూపించుకోమని నర్సమ్మ రెండుసార్లు కాగితం రాసిచ్చింది. రెండు కాగితాలూ మడతపెట్టి బైబిల్లో దాచాడు. ఆ బైబిలు కూడా అతను ఇప్పుడు చదవడం లేదు. గుడిలో తన వంతు వచ్చినప్పుడు నిలబడి పుస్తకం తెరుస్తాడు, చిన్నప్పటినుంచి నోటికొచ్చిన కీర్తన అప్పజెబుతాడు, సరిగ్గా తిప్పాల్సిన చోట పుట తిప్పుతాడు. ఎంత పనితనం! భార్య వసెమదాకు కూడా అంతు చిక్కలేదు.

లారీ మాత్రం ఎలా నడుపుతున్నాడంటే, ఆ దారి అతని చేతులకు తెలుసు. ఏ మలుపు ఎక్కడ వస్తుందో, ఏ గుంట దగ్గర గేరు మార్చాలో కళ్ళతో పనిలేదు. బస్సు ఎదురొస్తే కనబడుతుంది, ఆవు అడ్డమొస్తే కనబడుతుంది. పెద్దవన్నీ కనబడతాయి, చిన్నవే కనబడవు అని తనకు తాను సర్దిచెప్పుకునేవాడు. సోమవారం ఆ పదకొండుమందీ గట్టు మీద వరసగా కూర్చున్నప్పుడు అతను లారీ పక్కన నిలబడి వాళ్ళను లెక్కపెట్టబోయాడు. మూడుసార్లు లెక్కపెట్టాడు, మూడుసార్లూ వేరువేరుగా వచ్చింది. కనబడని చిన్నవాటిలో పిల్లలు కూడా ఉంటారని అప్పుడు తట్టింది. తట్టగానే వెళ్ళి చక్రం చాటున కూర్చున్నాడు.

అయినా తాళం ఇచ్చెయ్యడానికి మనసొప్పలేదు. పెద్ద బండి లైసెన్సు ఊళ్ళో ఇంకెవరికీ లేదు. అతను దిగిపోతే పిల్లలు అఖాతం దాటి రేకుల పడవలో పోవాలి. గాలి లేచిన రోజున ఆ నీళ్ళలో పెద్దవాళ్ళే దేవుణ్ణి తలుచుకుంటారు. నేను మంచివాణ్ణే కదా, పిల్లలకోసమే కదా నడుపుతున్నాను అని రాత్రుళ్ళు పక్కమీద దొర్లుతూ అనుకునేవాడు. అందులో సగం నిజం. మిగతా సగం, లారీ దిగితే తాను ఊళ్ళో ఏమీ కాడు, వాకిట్లో కూర్చుని ఈగలు తోలుకునే ముసలాడు. ఆ సగాన్ని పక్కనున్న భార్యకు కూడా చెప్పుకోలేకపోయాడు.

కాబట్టి శనివారం మధ్యాహ్నం లారీని ఎపరామా షెడ్డు ముందు ఆపుతున్నప్పుడు అసెసెలా మనసులో ఒకటే మొక్కు. దేవుడా, గేజీలో ఏదో ఒక లోపం దొరకాలి. తుప్పో, తెగిన తీగో, టాంకులో తేలే బుడ్డికి పడిన చిల్లో, ఏదైనా సరే. లోపం బండిలో దొరక్కపోతే అది ఎవరిలో ఉందని వెతుకుతారు?

ఎపరామా ఉనైసి మొగుడు. ఎడమ మోకాలు వంగదు కాబట్టి బళ్ళు నడపడు, బాగుచేస్తాడు. బావా బావమరుదులు కనబడితే ఎగతాళి చేసుకోవాలి, చేసుకోకపోతే ఏదో తగాదా వచ్చిందని చూసినవాళ్ళు కంగారుపడతారు. కుంటుకుంటూ బయటికి వచ్చి ముందు బానెట్టు మీద చెయ్యి వేశాడు.

"ఏం బావా, దీన్ని తోలుకొచ్చావా, మోసుకొచ్చావా?"

"నువ్వు బాగుచేసిన పడవ ఇంజినుకన్నా నయమే. దాన్నిప్పుడు చేపలు నడుపుతున్నాయటగా" అన్నాడు అసెసెలా.

"ముల్లు అబద్ధం చెబుతోందని విన్నాను. చెప్పదా మరి! పందొమ్మిదేళ్ళు మీ ఇంటివాళ్ళ దగ్గర పెరిగింది."

ఆ ఎగతాళికి అసెసెలా నవ్వాల్సింది. నవ్వబోయి దగ్గాడు.

ఎపరామా పని మొదలుపెట్టాడు. బండిని చదునైన చోట నిలబెట్టించి, కొబ్బరి ఈనె ఒకటి చీల్చి టాంకులోకి దించి తీశాడు. పావు టాంకు మేరకు ఈనె తడిసింది. కాబిన్లోకి వంగి ముల్లు చూశాడు. అదీ పావు దగ్గరే ఉంది. ఇప్పటికైతే నిజమే చెబుతోంది, రోజూ అబద్ధమాడేవాడు కూడా ఒక్కోసారి నిజం చెబుతాడులే అన్నాడు.

తర్వాత టాంకు మీది తీగ ఊడదీశాడు. అసెసెలా డ్రైవరు సీట్లో కూర్చుని తాళం తిప్పి ముల్లు ఎక్కడుందో చెప్పాలి. తీగ ఊడితే ముల్లు అడుక్కి పడుతుందని అసెసెలాకు పందొమ్మిదేళ్ళనుంచి తెలుసు, కాబట్టి అడుగున ఉందన్నాడు. ఆ తీగను ఛాసిస్ ఇనుముకు తాకిస్తే పైకి పోతుందనీ తెలుసు, నిండుగా ఉందన్నాడు. రెండూ సరిపోయాయి. అంటే ముల్లు బాగుంది, తీగ బాగుంది. ఎపరామా సంతోషించాడు. అసెసెలాకు చెమటలు పట్టాయి.

లోపలికి పోయి కళ్ళద్దాలు తెచ్చుకుని ఎపరామా టాంకు కిందికి దూరాడు. ఇనుముకు కలిపిన ఇంకో తీగ ఒకటి తుప్పు పట్టి ఉంది. అదే అయ్యుంటుందని అసెసెలా పైనుంచి అన్నాడు. ఎంత ఆశగా అన్నాడంటే అతనికే సిగ్గేసింది.

"అది కాదు బావా. ఈ తీగ పాడైతే ముల్లు ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. బుడ్డికి చిల్లిపడి మునిగినా తక్కువే చూపిస్తుంది. మరి నీకేమో ఖాళీ టాంకుకి సగం చూపించిందాయె. ఎక్కువ చూపించాలంటే ఒకటే దారి. బుడ్డిని మోసే చేతికర్ర ఇరుక్కోవాలి, లేకపోతే లోపల చుట్టిన తీగ సరిగ్గా సగం దగ్గర అరిగిపోయి ఉండాలి. కర్ర ఇరుక్కుంటే నా చేతికి తెలుస్తుంది. తీగచుట్ట అరిగితే చేతికి తెలీదు, ముల్లుకే తెలుస్తుంది. నేను కర్ర ఆడిస్తుంటా, నువ్వు ముల్లు చూసి కేకెయ్యి."

ఆ పద్ధతి ఆ దీవుల్లో ఏ షెడ్డులోనైనా ఉన్నదే. ఒకడు టాంకు దగ్గర, ఒకడు ముల్లు దగ్గర. ముల్లు దగ్గరివాడు ఏం చెబితే అదే సాక్ష్యం.

మరలు విప్పి, డీజిలు కారుతున్న ఆ పరికరాన్ని టాంకులోంచి పైకి తీశాడు. పొడుగాటి సన్నటి చేతికర్ర, దాని చివర తేలే బుడ్డి. బుడ్డిని చెవిదగ్గర పెట్టుకుని ఊపాడు. లోపల చుక్క నీరు లేదు, డీజిలు లేదు. తీగ మళ్ళీ తగిలించి, చేతికర్రను మెల్లగా కదపడం మొదలుపెట్టాడు. టాంకు వెనకెక్కడో ఉంది, అతని చేతులు సీట్లోంచి కనబడవు.

"ఎక్కడ?"

అసెసెలా డాష్‌బోర్డు మీదికి వంగాడు. గీతలు పడిన అద్దం వెనక తెల్లటి మరక, దానిలో సన్నటి నల్లటిదేదో ఉన్నట్టూ లేనట్టూ ఉంది. ఇంకా దగ్గరికి వంగాడు. ముక్కు అద్దానికి తగిలింది. మరక పెద్దదయింది, అంతే.

ఏం చెప్పాలో మాత్రం అతనికి స్పష్టంగా తెలుసు. బావ ఇప్పుడే చెప్పాడు కదా, సగం దగ్గర అరిగి ఉండాలని. ఒక్క మాట అంటే చాలు, గేజీ దోషి అవుతుంది, సోమవారం సోమవారంలాగే వస్తుంది.

"సగం దగ్గర ఆగింది" అన్నాడు.

"కదలడం లేదా?"

"లేదు. సగమే."

అప్పుడే ఎడమవైపు కిటికీ దగ్గర ఎవరో నిలబడ్డట్టు అనిపించింది. నీలంగౌను ఆకారం, నిమ్మాకు టీ వాసన. ఉనైసి మొగుడికి టీ తెచ్చినట్టుంది. అటు తిరగకూడదు కనుక అసెసెలా తిరగలేదు. ఆ ఆకారం కాసేపు కదలకుండా నిలబడింది, తర్వాత వెనక్కి వెళ్ళింది. టాంకు దగ్గర ఏవో గుసగుసలు వినిపించాయి. గ్లాసు కింద పెట్టిన చప్పుడయింది.

"బావా, మళ్ళీ చూడు. ఇప్పుడెక్కడ?" అన్నాడు ఎపరామా. గొంతు మామూలుగానే ఉంది.

"సగమే."

అసెసెలా స్టీరింగు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. గెలిచాననుకోవాలో లేదో తెలియలేదు.

ఎపరామా కిరోసిన్లో చేతులు కడుక్కుని, గుడ్డతో తుడుచుకుంటూ వచ్చి కాబిన్ మెట్టు మీద కూర్చున్నాడు. వంగని కాలు బారజాపాడు. ఎగతాళేమీ చెయ్యలేదు. అలా నోరు మూసుకుని కూర్చున్న బావను అసెసెలా ఎపరామా తల్లి పోయిన రోజున తప్ప ఎప్పుడూ చూడలేదు.

"రెండోసారి అడిగినప్పుడు తీగ ఊడదీసి నేల మీద పెట్టాను. ముల్లు అడుగున పడి ఉంది. నువ్వు సగం అన్నావు."

అసెసెలా తాళం వెనక్కి తిప్పి బయటికి లాగాడు.

"మొదటిసారి చక్కగా పైకీ కిందికీ తిరిగిందట. ఉనైసి చూసింది. సోమవారం కూడా చూసింది. కొండ ఎక్కకముందే ముల్లు అడుగంటిందట. నీతో మాట్లాడకూడదు కదా, మధ్యలో ఉన్న పిల్లతో చెప్పిద్దామని దాన్ని కుదిపింది, గిల్లింది. పిల్ల మొద్దునిద్ర. అన్నయ్యకు తెలియకుండా ఉంటుందా, పందొమ్మిదేళ్ళ డ్రైవరు కదా, దారిలో ఎక్కడో పోయించుకుంటాడులే అని ఊరుకుంది."

అసెసెలాకు మొదట కోపం వచ్చింది. చూసిన మనిషి నోరు తెరవదా? తెరిస్తే ఏమయ్యేది, ఆకాశం ఊడిపడేదా? ఆ వెంటనే, తాను మాత్రం ఆ చెల్లెలితో ఏనాడైనా ఒక్క మాట అన్నాడా? గౌను వేసుకునే వయసు వచ్చినప్పటినుంచి ఆమె గొంతు అతనికి గోడ అవతలినుంచే తెలుసు. ఆమె చేసింది మర్యాద, అతను చేస్తున్నది మోసం. కోపం వచ్చినంత తొందరగానే పోయి, దాని చోట సిగ్గు వచ్చి కూర్చుంది.

"ఐదు రోజులుగా అది అన్నం సరిగ్గా తినడం లేదు. పదకొండుమంది పిల్లల్ని నా మౌనమే లోయలో తొయ్యబోయిందని ఏడుస్తోంది. ముల్లు నీకు కనబడలేదని దానికి తట్టనే లేదు. నాకూ తట్టలేదు, ఇప్పటిదాకా" అన్నాడు ఎపరామా.

ఇద్దరూ రోడ్డుకేసి చూస్తూ కూర్చున్నారు. ఎపరామా రోడ్డు చూశాడు, అసెసెలా రోడ్డు ఉండాల్సిన వైపు చూశాడు.

కాసేపటికి ఎపరామాయే మెల్లగా అన్నాడు, మైకాతో తాను చెబుతానని. చుట్ట అరిగిపోయింది, కొత్తది వేశానని చెబుతాడు. అసెసెలా మాట పోదు, ఊళ్ళో తలెత్తుకు తిరుగుతాడు. ఆ తర్వాత లంబాసా పోయి కళ్ళు చూపించుకోవచ్చు, నయమవుతుందేమో ఎవరికి తెలుసు.

"మరి సోమవారం?"

"సోమవారం సంగతి నేను చెప్పను బావా. తాళం నీ చేతిలో ఉంది."

సాయంత్రం బస్సు వచ్చి ఆగింది. మైకా దిగాడు. చేసిన పనికి మర్యాదగా ఎపరామాకు ఇవ్వడానికి యంగోనా వేళ్ళ కట్ట ఒకటి చంకలో పెట్టుకుని వచ్చాడు. పొద్దు కొండ వెనక్కి దిగుతోంది, షెడ్డు లోపల అప్పుడే మసకబారింది. ముగ్గురూ లారీ పక్కన నిలబడ్డారు. ఉనైసి ఇంటి గుమ్మంలోకి వచ్చి, అన్న ఉన్నాడని అక్కడే ఆగిపోయింది.

ఏమి తేలిందని మైకా అడిగాడు. అడిగే తీరులోనే ఏ జవాబు కావాలో తెలుస్తోంది. డీజిలు లాగినది అతని కొడుకులు మరి.

ఎపరామా యంగోనా కట్టను రెండు చేతులా అందుకుని, తల వంచి, గేజీ లోపలి చుట్ట అరిగిపోయిందన్నాడు. కొత్తది దొరుకుతుంది, వేసేస్తే సరి.

మైకా ముఖం విప్పారింది. "నేను చెప్పలా? అసెసెలా చూశానన్నాడంటే చూసినట్టే. ఆ తల్లులకు రేపు గుళ్ళో చెబుతా. మా లైసానీ అయితే ఒకటే గోల, సోమవారం మళ్ళీ ముందు సీటు నాదేనా అని. నీదేనే అన్నాను."

ఊరుకుంటే చాలు. పెద్దగా అబద్ధమాడే పని కూడా లేదు, అబద్ధం బావ ఆడేశాడు. తాను నోరు మూసుకుని నిలబడితే అంతా సర్దుకుంటుంది. సోమవారం తెల్లవారుజామున చలిలో పిల్లలు వరసగా ఎక్కుతారు. చిన్నది ముందు సీట్లో కూర్చుని ఐదు నిమిషాల్లో నిద్రపోతుంది. అవతల ఉనైసి ఆ ముల్లు వంకే చూస్తూ కూర్చుంటుంది, కొండ ఎక్కినంతసేపూ, దిగినంతసేపూ. ముల్లు ఏం చూపించినా ఆమె నోరు తెరవకూడదు. ముల్లు చూపించనివి ఎన్ని ఉన్నాయో, అవి ఆమెకూ తెలియవు. మూడో మలుపులో ఎవరి బిడ్డో రోడ్డు దాటుతూ ఉంటే?

"గేజీ బాగానే ఉంది పెద్దయ్యా" అన్నాడు.

మైకా అర్థంకాక ఎపరామా వైపు చూశాడు. ఎపరామా తలెత్తలేదు.

"చుట్ట అరగలేదు. బావ నాకోసం చెబుతున్నాడు. ముల్లు నిజమే చూపించింది. చూడాల్సినవాడికి కళ్ళు లేవు. నాకే కనబడటం లేదు."

గుమ్మం దగ్గర ఉనైసి గౌను మెడ అంచును నోట్లో కుక్కుకుంది. ఆ ఏడుపు అసెసెలాకు వినబడింది.

మైకా తిట్టలేదు, తిడితే బాగుండుననిపించింది. చివరికి ఒకే ఒక్క మాట అడిగాడు.

"ఎప్పటినుంచి?"

పోయిన నెలనుంచి అనవచ్చు. ఈస్టర్ తర్వాత అనవచ్చు. ఎవరు పట్టుకుంటారు?

"క్రిస్మస్ ముందునుంచి" అన్నాడు అసెసెలా.

లైసానీ జనవరిలో బళ్ళో చేరింది. మైకా పెదాలు కదిలాయి. సోమవారాలు లెక్కపెడుతున్నాడో, ప్రార్థన చేస్తున్నాడో తెలియదు. కొంతసేపటికి ఆ కదలిక ఆగింది. అతను ఒక అడుగు ముందుకు వేసి, తాళంకోసం అరచెయ్యి చాపాడు.

అసెసెలా తాళం జేబులోంచి తీసి ఎప్పుడో పట్టుకున్నాడు. కాని కదలకుండా అలాగే నిలబడి ఉన్నాడు, మైకా ముఖంకేసి చూస్తూ, ఆయన ఏమంటాడా అని ఎదురుచూస్తూ. మైకా చెయ్యి చాచే ఉంచాడు. ఇవ్వడానికి మొండికేస్తున్నాడనుకుని మొదట అతని కనుబొమలు ముడిపడ్డాయి. తర్వాత ఆ ముడి విడిపోయింది.

ఎపరామా దగ్గరికి వచ్చి అసెసెలా మణికట్టు పట్టుకున్నాడు. మైకా చెయ్యి ఉన్న చోటికి దాన్ని మెల్లగా తీసుకెళ్ళాడు.